ర్యాంక్ వచ్చింది సరే, సీటెప్పుడు? జోసా రౌండ్ల ఎదురుచూపు వెనకాల నడిచే లెక్క

క్లుప్తంగా: జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంక్ చేతికొచ్చినాక జోసా (ఐఐటీలు, ఎన్ఐటీల లాంటి కాలేజీల సీట్లన్నీ ఒకేచోట పంచే కౌన్సెలింగ్) రౌండ్లలో ఐఐటీ సీటు పూర్తిగా తేలడానికి దాదాపు నెలన్నర పడుతుంది. ఆ నెలన్నరలో పిల్లోడి గురించి ఎవరూ కొత్తగా ఏమీ తేల్చరు, పైన ర్యాంకుల వాళ్ళు కదిలితే కింద ఖాళీ అవుతుంది, అంతే. ఇంట్లోవాళ్ళ చేతిలో ఉండేది ఆప్షన్ల వరస, సర్టిఫికెట్లు, కట్టాల్సిన డబ్బు, తేదీలు. ఎక్కువ నలిగేది బార్డర్ ర్యాంక్ వాళ్ళు, అంటే సీటు వస్తుందో రాదో తెలీని అంచున ఉన్నవాళ్ళు, దానికి కారణం కూడా ఉంది.

క్వాలిఫై అయితే సీటు వచ్చినట్టేనా

తిరుపతిలో మే నెలలో గంగమ్మ జాతర సందడి అట్లా తగ్గుతుందో లేదో అడ్వాన్స్‌డ్ పరీక్ష వచ్చేస్తుంది, జూన్ మొదట్లో రిజల్టు, ఆ మరుసటి రోజు పొద్దున్నే ఎయిర్ బైపాస్ రోడ్డు నుంచి బైరాగిపట్టెడ దాకా ర్యాంకుల ఫ్లెక్సీలు. ఇదే టైంలో చాలా ఇళ్ళల్లో ఒక గందరగోళం మొదలవుతుంది. పిల్లోడు "క్వాలిఫై అయినా" అంటాడు, అది విన్న చిత్తూరు పెదనాన్న ఐఐటీ సీటు వచ్చేసిందని నలుగురికీ చెప్పేస్తాడు, ఇక ఆ నెలంతా వాళ్ళకి సర్దిచెప్పుకోవడంతోనే సరిపోతుంది.

2025 లెక్కలు చూస్తే విషయం తొందరగా అర్థమవుతుంది. జేఈఈ మెయిన్ రాసినవాళ్ళు దాదాపు 15 లక్షలు, అందులో అడ్వాన్స్‌డ్‌కి అర్హత ఇచ్చేది పై 2.5 లక్షల మందికి, రెండు పేపర్లూ రాసినవాళ్ళు 1,80,422 మంది, క్వాలిఫై అయినవాళ్ళు 54,378 మంది. 23 ఐఐటీల్లో కలిపి సీట్లు 18,160. అంటే ఒక్కో సీటుకి క్వాలిఫై అయినవాళ్ళే ముగ్గురున్నారు. మార్కుల గీత కొంచెం కిందికే గీస్తారు, ఎందుకంటే ఏ కేటగిరీలోనూ సీటు మిగిలిపోకుండా నింపడానికి సరిపడా మంది లిస్టులో ఉండాలి కదా. కాబట్టి క్వాలిఫై అంటే లైన్లో నిలబడే అర్హత వచ్చిందని, అంతకుమించి ఏం లేదు.

ఇంకో అపోహ మన ఊరికే ప్రత్యేకం. ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉంది కదా, లోకల్ పిలకాయలకి ఏదో ఒక కోటా ఉంటుందిలే అని. ఏమీ ఉండదు. తిరుపతి ఐఐటీ 2015లో రేణిగుంట రోడ్డులో ఒక ప్రైవేటు కాలేజీ బిల్డింగుల్లో, మద్రాస్ ఐఐటీ అండతో, 4 బ్రాంచీలు 120 సీట్లతో మొదలైంది, తర్వాత ఏర్పేడు సొంత క్యాంపస్‌కి మారింది. మొదలైన రోజు నుంచీ అక్కడ ఏర్పేడు పిల్లోడికీ పాట్నా పిల్లోడికీ ఒకటే లిస్టు. ఎన్ఐటీల్లో అయితే సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్ళకి పోతాయి, తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో మన రాష్ట్రం పిల్లలకి ఉండే మేలు అదే. ఈఏపీసెట్‌లో అయితే (జనం నోట్లో ఇప్పటికీ అది ఎంసెట్టే) పాత చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు జిల్లాలు కలిపి ఎస్వీయూ (శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ) ఏరియా, ఆ ఏరియా కాలేజీల్లో 85 శాతం సీట్లు ఆ ఏరియా వాళ్ళకే. ఒకే ఇంట్లో ఒకే పిల్లోడు ఈ మూడు రకాల లైన్లలో ఒకేసారి నిలబడుంటాడు, మూడింట్లోనూ రూల్సు వేరు. సగం అయోమయం ఇక్కడే పుడుతుంది.

అక్కడ కూర్చుని తేల్చేవాళ్ళు ఎవరూ లేరు

"వాళ్ళు ఇంకా ఏం ఆలోచిస్తున్నారో" అనే మాట ఈ నెలలో బాగా వినబడుతుంది. వాళ్ళు అంటే ఎవరు? అమెరికాలో ఎంఐటీ లాంటి చోట ఆ మాటకి అర్థముంది. అక్కడ అప్లికేషన్ని మనుషులు కూర్చుని చదువుతారు, మార్కులతో పాటు వ్యాసాలు, టీచర్ల లెటర్లు, ఇంటర్వ్యూ అన్నీ చూస్తారు, చివరికి వందలో ఐదుగురికి లోపే సీటిస్తారు. రిజల్టు చాలా ఏళ్ళుగా మార్చి 14న, గణితం వాళ్ళు పై డే అనుకునే రోజున, అక్కడి టైం సాయంత్రం 6:28కి వదులుతున్నారు. మనకి అది మార్చి 15 తెల్లారుజామున 3:58. ఇక్కడి నుంచి అప్లై చేసిన పిల్లలెవరైనా ఉంటే అలారం పెట్టుకుని లేచి చూసుకోవాల్సిందే. రాకపోతే కారణం చెప్పరు. మంచి మార్కులుండీ రాలేదంటే "నాలో ఏం తక్కువైంది" అనే ప్రశ్న అట్లాగే మిగిలిపోతుంది.

జోసా కథ వేరు. ఐఐటీలు, ఎన్ఐటీలు, ట్రిపుల్ ఐటీలు, కేంద్రం డబ్బుతో నడిచే మరికొన్ని కాలేజీలు, అన్నిటి సీట్లూ ఒకేచోట పంచడానికి 2015లో పెట్టిన ఏర్పాటు అది. అంతకుముందు ఐఐటీల కౌన్సెలింగ్ వేరు, ఎన్ఐటీలది వేరు, ఒకే పిల్లోడు రెండు చోట్లా సీటు పట్టుకుని చివర్లో ఒకటి వదిలేసేవాడు, అది ఎవరికీ కాకుండా ఖాళీగా పోయేది. ఇప్పుడు అందరి ర్యాంకులూ అందరి ఆప్షన్లూ ఒకే ప్రోగ్రాంలోకి పోతాయి, సీట్లు అది పంచేస్తుంది. ర్యాంకు రోజే చెప్పాల్సిన తీర్పు చెప్పేశారు, మిగిలింది పంపకం. ఇక్కడ "నాలో ఏం తక్కువ" అని నెలన్నర పాటు కుమిలిపోవడానికి లెక్క ప్రకారం చోటే లేదు, అయినా కుమిలిపోతారు, అది వేరే విషయం.

ఆ ప్రోగ్రాం వాడే పద్ధతికి మూలం 1962లో గేల్, షాప్లీ అనే ఇద్దరు గణితవేత్తలు రాసిన ఒక చిన్న పేపర్. దాని మీద పనిచేసిన వరసలో షాప్లీకీ, ఆల్విన్ రోత్‌కీ 2012లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చింది. ఒక్కటే ర్యాంక్ లిస్టు ఉండుంటే ఇంత తతంగం అక్కర్లేదు, ఒక్కొక్కర్నీ వరసగా పిలిచి నీకేది కావాలి అంటే సరిపోయేది. కానీ అడ్వాన్స్‌డ్ లిస్టు వేరు, మెయిన్ లిస్టు వేరు, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగుల లిస్టులు వేరు, 2018 నుంచి ఐఐటీల్లో అమ్మాయిలకని అదనంగా పెట్టిన సీట్లు వేరు, ఎన్ఐటీల్లో సొంత రాష్ట్రం బయట రాష్ట్రం వేరు. ఒకే అమ్మాయి నాలుగు లిస్టుల్లో ఉండొచ్చు. అందుకని ప్రోగ్రాం ముందు ప్రతి ఒక్కళ్ళనీ వాళ్ళ మొదటి ఆప్షన్ తలుపు దగ్గరికి పంపిస్తుంది, ఆ కాలేజీ తన సీట్లకి సరిపడా మంది మంచి ర్యాంకుల్ని తాత్కాలికంగా పట్టుకుని మిగతావాళ్ళని తిప్పి పంపిస్తుంది, వాళ్ళు రెండో తలుపు దగ్గరికి పోతారు, అక్కడ వీళ్ళకన్నా వెనక ర్యాంకు వాళ్ళెవరైనా ఉంటే వాళ్ళు బయటికి, వాళ్ళు మళ్ళీ తమ తర్వాతి ఆప్షన్‌కి, ఇట్లా ఎవరూ కదలాల్సిన పనిలేని దాకా తిరుగుతుంది.

దీని నుంచి తల్లిదండ్రులు తెలుసుకోవాల్సింది ఒకటుంది, ఎన్ని సార్లు చెప్పినా నమ్మరు. రాదనుకునే కాలేజీని లిస్టులో పైన పెడితే ఛాన్స్ వేస్ట్ అయిపోదు. బొంబాయి ఐఐటీ సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) మొదటి ఆప్షన్‌గా పెట్టి రాకపోతే రెండోదానికి పోయేటప్పుడు ఆ పిల్లోడి ర్యాంకేమీ తగ్గదు, ముందే రెండోది పెట్టినవాళ్ళకన్నా వెనకబడేది ఉండదు. దెబ్బ తినేది దానికి తిరగేసి చేసినప్పుడు. భయపడి "ఖచ్చితంగా వచ్చేది పైన పెట్టు" అని ఎవరో చెప్తే పెడతారు, అది వస్తుంది, ఇక దాని కింద రాసినవన్నీ ఆ రోజుతో చచ్చిపోయినట్టే, వాటిని ప్రోగ్రాం మళ్ళీ చూడదు. ఇష్టం ఏ వరసలో ఉందో ఆ వరసలో రాయడమే ఇక్కడ తెలివి, ఇంకో తెలివి పనిచేయదు.

తువ్వాలు వేసిన సీటు

రౌండ్లు ఎందుకు, ఒకేసారి ఇచ్చేయొచ్చు కదా అనేది తర్వాతి ప్రశ్న. తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సు ఎక్కినవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు. కిటికీలోంచి తువ్వాలు వేసి వెనక సీటు పట్టుకుంటారు, చంద్రగిరిలో ముందు సీటాయన దిగితే వెనకాయన ముందుకు జరుగుతాడు, ఆయన ఖాళీ చేసిన సీటులో నిలబడినావిడ కూర్చుంటుంది, పూతలపట్టు వచ్చేసరికి బస్సులో సగం మంది ఎక్కినప్పటి చోట ఉండరు. ఎవరు ఎక్కడ దిగుతారో బస్సెక్కేటప్పుడు తెలీదు, అందుకే ఒక్కసారిగా సర్దడం కుదరదు. జోసాలో కూడా సీటు వచ్చినవాళ్ళలో కొందరు ఫీజు కట్టరు, కొందరి సర్టిఫికెట్ తేలదు, కొందరు వేరే కోర్సుకో ఇంకో యూనివర్సిటీకో పోతారు, ఆ ఖాళీలు తర్వాతి రౌండ్‌లోకి వస్తాయి. అందుకే ఏడాదిని బట్టి 5 రౌండ్లు, 6 రౌండ్లు. 2025లో జూన్ 2న రిజల్టు, జూన్ 14న మొదటి రౌండ్, ఆరో రౌండ్ అయ్యేసరికి జూలై నడిమికి వచ్చింది.

సీటు వచ్చినప్పుడు మూడు మాటలు కనబడతాయి. ఫ్రీజ్ అంటే ఇది చాలు, ఇక కదలను. స్లైడ్ అంటే ఇదే కాలేజీలో నేను పైన రాసుకున్న బ్రాంచి వస్తే ఇవ్వండి. ఫ్లోట్ అంటే పైన రాసుకున్న వాటిలో ఏ కాలేజీలో ఏది వచ్చినా ఇవ్వండి. ఫ్లోట్ పెడితే ఉన్న సీటు పోతుందేమో అని చాలామందికి భయం, నిజానికి మెరుగైనది వస్తేనే పాతది పోతుంది, రాకపోతే తువ్వాలు అక్కడే ఉంటుంది. భయపడాల్సింది ఇంకో చోట. పైకి జరిగినాక "పాతదే బాగుండె, హాస్టల్ దగ్గరుండె" అంటే వెనక్కి ఇవ్వరు, ఆ సీటు అప్పటికే ఇంకొకరికి పోయుంటుంది. కాబట్టి ఫ్లోట్ గురించి ఆలోచించాల్సిన టైం ఆప్షన్లు రాసేటప్పుడు. పై వరసలో రాసిన ప్రతిదీ వస్తే నిజంగా పోతామా అని అప్పుడే అడుక్కోవాలి.

సీటు వచ్చినవాళ్ళు చెప్పిన టైంలోపల యాక్సెప్టెన్స్ ఫీజు కట్టి సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేయాలి, వాళ్ళేమైనా అడిగితే జవాబివ్వాలి. చేయకపోతే ఆ సీటుతో పాటు మిగతా రౌండ్లు కూడా పోతాయి. మంచి ర్యాంకు పెట్టుకుని ఇక్కడ జారిపోవడం కన్నా బాధ ఇంకోటి ఉండదు. మన వైపు ఎక్కువ చిక్కు పడేది కుల ధృవీకరణ దగ్గర. ఇంటర్‌కి వాడిన బీసీ సర్టిఫికెట్ ఇక్కడ పనికిరాదు, కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి, అది కూడా ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చినదై ఉండాలి. ఈడబ్ల్యూఎస్‌కీ అదే తేదీ రూలు. పైగా రాష్ట్రం బీసీ లిస్టులో ఉన్న కులాలన్నీ కేంద్రం ఓబీసీ లిస్టులో లేవు, అది సచివాలయంలో అప్లై చేసినాక తెలిస్తే చేసేదేం లేదు. జూన్‌లో ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగేదాని కన్నా ఏప్రిల్ రెండో వారంలో పోయి తెచ్చుకుంటే ఆ నెలన్నరలో కనీసం ఒక దిగులు తగ్గుతుంది.

కటాఫ్ ఎవరూ పెట్టరు

"తిరుపతి ఐఐటీ కటాఫ్ ఎంత పెట్టినారు" అని అడుగుతారు. పెట్టడం అనేదే లేదు. సీట్లు నిండిపోయినాక చివరాఖర్న కూర్చున్న పిల్లోడి ర్యాంకు ఏదో దాన్నే క్లోజింగ్ ర్యాంక్ అంటారు, ముందుగా ఎవరూ గీసిన గీత కాదు, పని అయిపోయినాక తేలిన మడ్డి అది. అందుకే యూట్యూబ్‌లో, యాప్‌ల్లో తిరిగే ప్రెడిక్టర్లన్నీ చేసేది పోయినేడాది మడ్డిని ఈ ఏడాదికి చూపించడమే. మామూలు ఏడాదుల్లో అది కొంచెం అటూఇటూగా సరిపోతుంది. సీట్ల సంఖ్య మారితే మాత్రం తప్పుతుంది. 2025 మే నెలలో కేంద్ర క్యాబినెట్ తిరుపతి, పాలక్కాడ్, భిలాయ్, జమ్మూ, ధార్వాడ్ ఐఐటీల విస్తరణకి 11,828.79 కోట్లు ఒప్పుకుంది, నాలుగేళ్ళలో ఈ ఐదింట్లో కలిపి 6,576 మంది విద్యార్థులు పెరగాలనేది లెక్క. ఇట్లాంటి ఏడాదుల్లో పాత నంబరు పట్టుకుని "మనకి రాదు" అని లిస్టులోంచి తీసేయడం అనవసరం. ఎట్లాగూ ఆప్షన్లు ఎన్ని రాసినా ఖర్చేం లేదు.

ఇంకో పొరపాటు చాలా మామూలుగా జరుగుతుంది. జోసా పేజీలో ఓబీసీ వరసలో 1,900 అని కనిపిస్తే అది ఓబీసీ లిస్టులో 1,900వ ర్యాంకు, ఓపెన్ లిస్టులో ర్యాంకు కాదు. అట్లాగే ఐఐటీ వరసలో ఉండేది అడ్వాన్స్‌డ్ ర్యాంకు, శ్రీసిటీ ట్రిపుల్ ఐటీ వరసలో ఉండేది మెయిన్ ర్యాంకు. రెండూ ఒకే పేజీలో పక్కపక్కనే ఉంటాయి, పిల్లోడి మెయిన్ ర్యాంకు తీసుకుపోయి ఐఐటీ వరసలో పోల్చుకుని సంబరపడినవాళ్ళూ ఉన్నారు, ఏడ్చినవాళ్ళూ ఉన్నారు.

మొదటి రౌండ్‌కి ముందు రెండు సార్లు మాక్ అలాట్‌మెంట్ ఇస్తారు. అప్పటిదాకా ఆప్షన్లు నింపినవాళ్ళని బట్టి వేసిన ఉత్తుత్తి పంపకం అది. ఇంకా నింపనివాళ్ళు, మార్చుకునేవాళ్ళు ఉంటారు కాబట్టి అసలు దాంట్లో తేడా వస్తుంది. అది చూసి లాప్‌టాప్ ఏది కొనాలి, హాస్టల్‌లో ఏ గది అని మొదలుపెడితే ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే.

ఒకేసారి నాలుగు క్యూలు, ఒకటే జేబు

అసలు బరువు ఎక్కడుందంటే, ఇవన్నీ ఒకే క్యాలెండర్లో నడవవు. చిత్తూరు నుంచి గంట ప్రయాణంలో వేలూరు విఐటీ ఉంది, వాళ్ళ సొంత పరీక్ష, వాళ్ళ సొంత కౌన్సెలింగ్, ర్యాంకును బట్టి ఐదు రకాల ఫీజులు, ర్యాంకు మంచిదైతే ఫీజు తక్కువ. ఆ కౌన్సెలింగ్ అడ్వాన్స్‌డ్ రిజల్టు రాకముందే మొదలైపోతుంది, సీటిచ్చినాక డబ్బు కట్టడానికి కొద్ది రోజులే గడువు. మిగతా పెద్ద ప్రైవేటు యూనివర్సిటీలదీ దాదాపు అదే దారి. తర్వాత జోసా. జోసా చివరికొచ్చేసరికి ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు. 2025లో ఈఏపీసెట్ ర్యాంకులు జూన్ 8న వచ్చాయి, కౌన్సెలింగ్ జూలైకి పోయింది. ఆ ర్యాంకులో పరీక్షకి 75 శాతం, ఇంటర్ మార్కులకి 25 శాతం. 1959లో మొదలైన ఎస్వీయూ ఇంజినీరింగ్ కాలేజీలో ఫీజు తక్కువ, ఇంటి నుంచి పోయి రావొచ్చు, కాబట్టి తిరుపతి ఇళ్ళల్లో చాలామందికి అది చిన్న ఆప్షనేం కాదు. ఇవన్నీ అయినాక కూడా ఎన్ఐటీలు ట్రిపుల్ ఐటీల్లో మిగిలిన సీట్లకి సీఎస్ఏబీ (సెంట్రల్ సీట్ అలొకేషన్ బోర్డు) వాళ్ళ స్పెషల్ రౌండ్లుంటాయి, ర్యాంకులు బాగా కిందికి దిగేది అక్కడే.

ముందు గడువు ఉన్నవాడు ముందు డబ్బు అడుగుతాడు, బాగా కావాలనుకునే సీటు చివర్లో తేలుతుంది. ఈ మధ్యలో కట్టేది ఒకరకంగా ఇన్సూరెన్స్. ఉద్యోగస్తుల ఇంట్లో అది తలనొప్పి, రైతు ఇంట్లో అంతకన్నా ఎక్కువ. జూన్, జూలై అంటే చిత్తూరు జిల్లాలో తోతాపురి మామిడి కోత, బంగారుపాళ్యం మండీలో ట్రాక్టర్ల వరసలు, పల్ప్ ఫ్యాక్టరీ టోకెన్ కోసం రాత్రిళ్ళు కాపలా. 2025లో అయితే రేటు పడిపోయి ప్రభుత్వం కిలోకి 12 రూపాయలని చెప్పాల్సి వచ్చింది, అందులో ఫ్యాక్టరీ ఇచ్చేది 8, సబ్సిడీ 4. కాయ తోలినా డబ్బు ఎప్పుడు పడుతుందో తెలీదు, కొడుకు సీటు గడువు మాత్రం ఫలానా రోజు సాయంత్రం 5 గంటలు అని స్క్రీన్ మీద ఉంటుంది. ఇట్లాంటి ఇంట్లో ఎదురుచూపుని ఒక్క పిల్లోడి టెన్షన్‌గా చూస్తే సగమే అర్థమవుతుంది.

కట్టిన డబ్బు వెనక్కి వస్తుందా? 2024-25కి యూజీసీ పెట్టిన విధానం ప్రకారం సెప్టెంబర్ 30లోపు క్యాన్సిల్ చేసుకుంటే మొత్తం ఫీజు వెనక్కివ్వాలి, అక్టోబర్ 31 దాకా అయితే వెయ్యి రూపాయలకి మించి పట్టుకోకూడదు. ఏ ఏడాదికి ఆ ఏడాది నోటీసు వస్తుంది, కాబట్టి కట్టే ముందే అది చూసుకోవాలి, రసీదు దాచుకోవాలి. వెనక్కి రావడం ఒకటి, ఎప్పుడు రావడం అనేది ఇంకొకటి. జూలైలో జోసా ఫీజుకి పనికొచ్చే డబ్బు అక్టోబర్లో వస్తే అప్పటికి వడ్డీ నడుస్తుంటుంది.

బార్డర్లో ఉన్నవాళ్ళకే నిద్ర ఎందుకు పట్టదు

200 ర్యాంకు పిల్లోడికి దిగుల్లేదు, 50,000 ర్యాంకు పిల్లోడు ఒకటి రెండు రోజులు బాధపడి ఈఏపీసెట్ మీద పడతాడు. నలిగిపోయేది పోయినేడాది క్లోజింగ్ ర్యాంకుకి అటు వంద ఇటు వంద ఉన్నవాళ్ళు. 2016లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 45 మందితో ఒక ఆట ఆడించారు, రాయి కింద పాముందో లేదో చెప్పాలి, ఉంటే చేతికి చిన్న కరెంటు షాక్. షాక్ ఖచ్చితంగా తగులుతుందని తెలిసినప్పటి కన్నా, తగలొచ్చు తగలకపోవచ్చు, సగం సగం అన్నప్పుడే ఒత్తిడి బాగా ఎక్కువుంది. బార్డర్ ర్యాంకంటే అదే సగం సగం, అది కూడా ఐదారు రౌండ్ల పాటు. ప్రతి రౌండ్‌లో క్లోజింగ్ ర్యాంకు రెండు మెట్లు కిందికి దిగి ఆగిపోతుంది, తర్వాతి రౌండ్‌కి ఆశ మళ్ళీ మొదలు.

తిరుపతిలో ఉన్నవాళ్ళకి దీనికి ఇంకో పోలిక దొరుకుతుంది. విష్ణు నివాసంలోనో భూదేవి కాంప్లెక్స్‌లోనో టైం స్లాట్ టోకెన్ తీసుకున్న భక్తుడు దర్శనానికి ఇంకా చాలా గంటలున్నా తాపీగా ఉంటాడు, కొండ మీద తిరుగుతాడు, తింటాడు, పడుకుంటాడు. టోకెన్ లేకుండా వైకుంఠం క్యూ కాంప్లెక్స్ కంపార్ట్‌మెంట్లో కూర్చున్నాయన అంతకన్నా తక్కువ సేపే ఉన్నా తలుపు చప్పుడైన ప్రతిసారీ లేచి నిలబడతాడు. గంటల లెక్క కన్నా ఎప్పుడో తెలీకపోవడమే ఎక్కువ కొరుకుతుంది. జోసా విషయంలో మేలు ఏంటంటే రౌండ్ల తేదీలు ముందే ఇచ్చేస్తారు, అంటే అది టోకెన్ ఉన్న క్యూ. కానీ జనం దాన్ని టోకెన్ లేని క్యూలాగా గడుపుతారు. జూన్ 14న వచ్చేదాని కోసం 9 నుంచే గంటకోసారి సైట్ తెరుస్తారు, టెలిగ్రామ్ గ్రూపుల్లో కళ్ళల్లో ఒత్తులేసుకుని కూర్చుంటారు. ఆ మధ్య రోజుల్లో సైట్‌లో కదిలేదేం ఉండదు, ప్రోగ్రాం నడిచేది రౌండ్ రోజునే.

ఓదార్పు మాటల సంగతి కూడా పరిశోధన చూసింది. కాలిఫోర్నియాలో లాయరు పరీక్ష రాసినవాళ్ళు ఫలితం కోసం దాదాపు నాలుగు నెలలు ఆగాలి, కేట్ స్వీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం వాళ్ళని గమనించింది. పాజిటివ్‌గా ఉందాం, మనసు మళ్ళించుకుందాం, ఆలోచనే రానివ్వొద్దు లాంటి ప్రయత్నాలేవీ దిగులుని పెద్దగా తగ్గించలేదు. ఇంకో సంగతి కూడా తేలింది, ఎదురుచూసేటప్పుడు కొంచెం ఇబ్బంది పడినవాళ్ళే చెడ్డ వార్త వస్తే బాగా తట్టుకున్నారు, మంచి వార్త వస్తే ఎక్కువ సంతోషపడ్డారు. ముందు నుంచీ "నాకు వచ్చేస్తుంది" అని ధీమాగా ఉన్నవాళ్ళు రాకపోతే గట్టిగా పడ్డారు. అదే బృందం తర్వాతి పరిశోధనల్లో కొంచెం పనిచేసినట్టు కనబడింది ఒకటుంది, ఒళ్ళు మరిచి మునిగిపోయే పని, అది కూడా ఎంత ముందుకొచ్చామో తెలిసే పని. రీల్స్ చూస్తూ పోవడం దానికింద రాదు. బండి నడపడం నేర్చుకోవడం, వంట, షటిల్, అమ్మమ్మ ఊర్లో తోట పని, సీ ప్రోగ్రామింగ్, ఏదైనా సరే. అలిపిరి మెట్లెక్కి వస్తే మనసు కుదుటపడుతుందని మనోళ్ళు అనేదానికి మొక్కుతో పాటు ఇది కూడా ఒక కారణమై ఉండొచ్చు, 3,550 మెట్లు ఎక్కేటప్పుడు కాళ్ళ సంగతి తప్ప ఇంకోటి గుర్తుండదు.

ఇంట్లో ఏం మారితే పిల్లోడికి ఊపిరాడుతుంది

చాలా ఇళ్ళల్లో రౌండ్ రోజు పాస్‌వర్డ్ అందరి దగ్గరా ఉంటుంది, నాన్న ఆఫీసులో తెరుస్తాడు, మామ హైదరాబాద్‌లో తెరుస్తాడు, పిల్లోడికి తన సీటు సంగతి ఫ్యామిలీ గ్రూపులో అభినందనలు చూసి తెలుస్తుంది. లేదా ఎవరూ ఏమీ మాట్లాడకపోతే తెలుస్తుంది, అది ఇంకా ఘోరం. ముందు పిల్లోడు ఒక్కడే చూసుకోవడం, తర్వాత తనే చెప్పడం అనే ఒక్క ఒప్పందం పెట్టుకుంటే సగం రభస తగ్గుతుంది. దాంతోపాటు ఫోన్లకి జవాబిచ్చే పని ఇంట్లో ఒక పెద్దమనిషి తీసుకోవాలి. "ఇంకా రౌండ్లు ఉన్నాయన్నా, జూలైలో మేమే చెప్తాం" అనే మాట పిన్నీ, బాబాయి, పక్కింటాయన అందరికీ ఒకే గొంతుతో పోతే పిల్లోడు రోజూ అదే ముక్క పదిసార్లు చెప్పాల్సిన పని ఉండదు.

నిద్ర, తిండి పోయి, ఎవరితోనూ మాట్లాడకుండా గదిలోనే ఉండిపోతుంటే, బతకడం గురించే అడ్డదిడ్డంగా మాట్లాడుతుంటే మాత్రం రౌండ్ అయ్యేదాకా ఆగకూడదు. 2022 అక్టోబర్ నుంచి నడుస్తున్న టెలీ మానస్ 14416 నంబరుకి ఏ టైంలోనైనా ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు, పిల్లోడు చేయకపోతే తల్లిదండ్రులైనా చేసి అడగొచ్చు.

రాకపోతే, లేదా వచ్చింది నచ్చకపోతే

చివరి రౌండ్లు దగ్గరపడేకొద్దీ "లాంగ్ టర్మ్" అనే మాట ఇంట్లోకి వస్తుంది. ఇంకో ఏడాది రాద్దాం అని. దీనికి రెండు రూల్సు అడ్డం నిలబడతాయి. అడ్వాన్స్‌డ్ వరసగా రెండేళ్ళలో రెండు సార్లే రాయనిస్తారు. 2024 నవంబర్ మొదట్లో దాన్ని మూడు చేస్తున్నామని చెప్పి అదే నెల 18న మళ్ళీ రెండుకే దించారు, ఆ రెండు వారాల మాట నమ్మి ఇంజినీరింగ్ సీటు వదిలేసినవాళ్ళకి 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఊరట ఇవ్వాల్సి వచ్చింది. కాబట్టి ఇంటర్ సెకండియర్లో ఒకసారి రాసినవాళ్ళకి మిగిలేది ఆ మరుసటి ఏడాది ఒక్కటే.

రెండో రూలు ఇంకా పదునైంది, చాలామందికి తెలీదు. నచ్చని బ్రాంచి ఐఐటీలో వచ్చింది, చేరి చూద్దాం, నచ్చకపోతే మళ్ళీ రాద్దాం అనుకుంటారు. ఒకసారి ఐఐటీలో చేరితే, తర్వాత మానేసినా సరే, మళ్ళీ అడ్వాన్స్‌డ్ రాయనివ్వరు. యాక్సెప్టెన్స్ ఫీజు కట్టి, చివరి రౌండ్‌కి ముందే విత్‌డ్రా అయినవాళ్ళకి మాత్రం ఆ అడ్డు లేదు. ఎన్ఐటీలో చేరినవాళ్ళకి ఈ రూలు వర్తించదు, వాళ్ళు చదువుతూనే మళ్ళీ రాయొచ్చు. అంటే ఏర్పేడులో వచ్చిన సివిల్ సీటు పట్టుకోవాలా, వదిలి ఇంకో ఏడాది కూర్చోవాలా, తాడేపల్లిగూడెంలో చేరి మళ్ళీ రాయాలా అనే మాట ఆగస్టులో హాస్టల్ గదిలో కూర్చుని తేల్చుకునేది కాదు. విత్‌డ్రా బటన్ చివరి రౌండ్‌కి ముందే మూసేస్తారు, ఆ తేదీ జోసా షెడ్యూల్లో మొదటి రోజు నుంచే ఉంటుంది.